వరండాలో చదివిన వ్యాసం

పెద్ద డాక్టరమ్మకు ఒక చాదస్తం ఉంది. మనోవ్యాధుల మీద ఏ పరిశోధన వ్యాసం రాసినా, వైద్య పత్రికకు పంపేముందు రోగులనూ వాళ్ళ ఇళ్ళవాళ్ళనూ ఆసుపత్రి వరండాలో బెంచీల మీద కూర్చోబెట్టి, మామూలు మాటల్లో చదివి వినిపించాల్సిందే. వాళ్ళు మొహం చిట్లిస్తే ఆ వాక్యం మళ్ళీ రాయాల్సిందే. మొదట్లో తోటి డాక్టర్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఇప్పుడు ఎక్కడెక్కడి ఆసుపత్రులవాళ్ళో అదే పద్ధతి పాటిస్తున్నారు. ఆనాడు నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆవిడ సన్మానానికి హాలు మాట్లాడుతున్నారు. ఏం చెప్పమంటారు!

ఆవేళ వరండాలో చదవాల్సింది ఆమె శిష్యురాలు. పొద్దున్నుంచీ ఆ పిల్లకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఎలా ఆడతాయి? ఇంట్లోవాళ్ళు తిట్టేకొద్దీ రోగికి జబ్బు తిరగబెడుతుందని తేల్చిన వ్యాసమే పెద్ద డాక్టరమ్మకు అంత పేరు తెచ్చింది. ఆ మాట లేని పాఠ్యపుస్తకం లేదు. తీరా శిష్యురాలు రోగుల ఇళ్ళకు గడపగడపకూ తిరిగి చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంది. ముందు జబ్బు తిరగబెడుతోంది. అది తట్టుకోలేక, ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు నోరు చేసుకుంటున్నారు. ఈ సంగతి గురువు ఎదుటే చదివితే ఇంకేమన్నా ఉందా? పైగా ఉద్యోగం ఖాయం చేయాల్సింది కూడా ఆవిడే. అందుకని 'పూర్వం కొందరు అనుకున్నట్టు కాదు' అని రాసి, గురువు వ్యాసం ఊసే ఎత్తకుండా తప్పించుకుంది.

చివరిదాకా చదివింది. పెద్ద డాక్టరమ్మ చేయి చాచి కాగితాలు తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇందులో నా వ్యాసమేదీ?"

ఈవిడకింకా పేరు యావ తీరలేదా అని శిష్యురాలికి కోపం వచ్చింది.

"అంటే... మీకు బాధ కలుగుతుందేమోనని, మేడమ్..."

"నీ మొహమాటం మండ! ఆ కొందరు ఎవరే? నేనేగా! అది నాదని రాయకపోతే, తప్పని ఎవరికి తెలుస్తుంది? రేపొచ్చే డాక్టర్లు కూడా దాన్నే పట్టుకు వేలాడతారు. నా పేరు పెట్టు. మొదటి పేరాలోనే పెట్టు."

వెనక బెంచీ మీంచి ఒక తల్లి లేచింది. నడివయసు కొడుకును వెంటబెట్టుకుని ఏళ్ళ తరబడి ఇక్కడికి వస్తున్న మనిషి. ఇన్నేళ్ళలో ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

"అయితే డాక్టరమ్మా, వీడికి తిరగబెట్టింది నా నోటివల్ల కాదా? మీరు చెప్పినప్పట్నుంచి వీణ్ణి పల్లెత్తు మాటనలేదు. గ్లాసు చప్పుడైనా భయమే నాకు."

పెద్ద డాక్టరమ్మ వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"కాదమ్మా. పొరబడింది నేను. మీ తప్పేం లేదు."

శిష్యురాలికి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషి దగ్గర చదువుకున్నందుకు గర్వంగా అనిపించింది.

ఆ తల్లి కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, ఆ గుండీలేంట్రా అడ్డదిడ్డంగా! సరిగ్గా పెట్టుకు చావు!"

కొడుకు తెల్లబోయాడు. గుండీలు సవరించుకుంటూ పక్కవాళ్ళ వైపు చూశాడు. మొహమంతా నవ్వు.

"అమ్మ తిట్టింది!" అన్నాడు.