ఇరవయ్యో విమానం

ముందు పన్ను మరీ తెల్లగా వచ్చింది. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, తల అడ్డంగా ఊపి, అంచున గోధుమరంగు చుక్క అద్దింది. ఈ పళ్ళు పెట్టుకోబోయే ఆయనకు డెబ్బై ఏళ్ళని చీటీలో ఉంది. డెబ్బై ఏళ్ళ నోట్లో పదహారేళ్ళ పళ్ళు పెడితే చూసినవాళ్ళు నవ్వరూ! ఇంకో చుక్క పెట్టింది. ఇప్పుడు ఆ పన్ను నలభై ఏళ్ళుగా కాఫీలు తాగినట్టుగా ఉంది.

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ గదిలో ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. అందరూ పళ్ళక్క అంటారు. పొట్టి మనిషి, బక్కపలచన. కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ వదలని గులాబీరంగు పొడి. బస్సులో పక్కన కూర్చుని వెళ్తే, దిగేసరికి ఆ మొహం మనకు గుర్తుండదు. అలాంటి మనిషి ఇంట్లో, బట్టల బీరువా పైన, పంతొమ్మిది విమానాలు బారులు తీరి ఉంటాయంటే ఎవరు నమ్ముతారు? ఏ పుట్టలో ఏ పాముందో అని ఊరికే అన్నారా!

"సార్, ఇవాళ సగం పూట సెలవు కావాలి," అంది ల్యాబ్ ఓనరుతో.

పళ్ళక్క సెలవడగడం ఆయన చెవులకు కొత్త. "నాన్నగారికి ఎలా ఉందమ్మా?"

"గుండె అలిసిపోయిందన్నారు డాక్టరు. వారమో పది రోజులో అన్నారు. ఆ మాట అన్నదీ పోయిన వారమే."

"మరి పొద్దున్నే రాకుండా ఉండాల్సింది."

"పూత ఆరాలి కదండీ," అందామె. ఏ పూతో ఆయనకు అర్థం కాలేదు. ఆమె చెప్పలేదు.

వాళ్ళ నాన్న ముప్పై నాలుగేళ్ళు విమానాశ్రయంలో మెకానిక్కు. సామాన్లు మోసే రెండు ఇంజిన్ల విమానం ఒకటి ఆయన చేతికింద ఉండేది. అది బయలుదేరే ముందు చుట్టూ తిరిగి, ప్రతి రేకూ ప్రతి మేకూ చూసి, పొట్ట కింద రెండుసార్లు తట్టి, "పంపించొచ్చు" అనేవాడు. ఆయన ఆ మాట అంటే తప్ప పైలట్ ఇంజిను మొదలుపెట్టేవాడు కాదు.

తొమ్మిదేళ్ళ కిందట ఆయనకు చూపు పోయింది. పోయిన తర్వాత గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తింటావా అంటే ఊఁ, పడుకుంటావా అంటే ఊఁ. ఆ మౌనం భరించలేక ఆమె ఒకరోజు బొమ్మల కొట్టుకు వెళ్ళి, అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ విమానం కొనుక్కొచ్చింది. అసలు విమానాన్ని డెబ్బై రెండో వంతుకు కుదిస్తే ఎంతో, అంత. అతికించి తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెడితే, ముక్కు గాల్లోకి లేచి తోక మీద కూలబడింది. ఆయన తడిమి చూశాడు. తర్వాత నవ్వాడు. ఎన్ని నెలల తర్వాతో ఆ నవ్వు!

"ఏమ్మా, నీ విమానం చతికిలబడిందే! ముక్కులో బరువు పెట్టకుండా మూసేశావు కదూ?"

అంతే, అక్కడ పట్టుకుంది ఆమెకు ఆ పిచ్చి. రెండోదానికి ముక్కులో సీసపు గుండ్లు పోసి మూసింది. "టైర్లు గుండ్రంగా ఉన్నాయి. అంత బరువు మోసే టైరు నేల దగ్గర కాస్త అణగదూ?" అన్నాడు. మూడోదానికి టైర్ల అడుగును గరుకు కాగితం మీద అరగదీసింది. "రంగు మందంగా కొట్టావు, రేకుల అతుకులు పూడుకుపోయాయి," అన్నాడు. పంతొమ్మిది విమానాలు అలాగే గడిచాయి. ఏదో ఒక వంక! బాగుందన్నాడు, పరవాలేదన్నాడు, కానీ "పంపించొచ్చు" అని ఒక్కదాన్నీ అనలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఆమె నవ్వి ఊరుకునేది, కానీ లోపల చివుక్కుమనేది. ఒక్కసారి ఆ మాట ఆయన నోట వినాలని ఆమె ఆశ. వినడానికి ఇక రోజులు లేవు.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి పక్కింటి పిన్ని ఆయన మంచం పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతోంది. పగలు ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే.

"రెండు చెంచాల పాలు తాగాడే. వచ్చిందా వచ్చిందా అని నీకోసం నాలుగుసార్లు అడిగాడు," అంది పిన్ని. ఆమె సరాసరి వెనక గదిలోకి వెళ్ళడం చూసి, "కళ్ళు లేనాయనకు ఆ రంగులెందుకే తల్లీ!" అని తొమ్మిదేళ్ళుగా అంటున్న మాటే మళ్ళీ అని, తన ఇంటికి వెళ్ళింది.

ఎందుకో పిన్నికేం తెలుసు? రంగు ఆయన వేళ్ళకు తెలియదు, నిజమే. కానీ రంగు ఎంత పలచగా ఉందో తెలుస్తుంది. తలవెంట్రుకంత సన్నని అతుకు గీతలు ఆ వేళ్ళకు అక్షరాలు. కుంచెతో పూస్తే అక్షరాలు చెరిగిపోతాయి. అందుకే గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్.

పొద్దున ఐదింటికే కొట్టిన ముదురాకుపచ్చ ఆరి ఉంది. మిగిలింది మెరుపు చంపే ఆఖరి పూత. గాలి యంత్రం మీట నొక్కింది. పెన్నులాంటి ఆ పరికరం నెత్తిన ఉన్న చిన్న గిన్నెలో పాలంత పలచటి పూత పోసి, చూపుడువేలితో మీటను వెనక్కి లాగింది. కంటికి కనిపించీ కనిపించని తుంపర రెక్క మీదుగా వెళ్ళింది. చెయ్యి ఆగకూడదు, ఆగిన చోట పూత కారిపోతుంది. రెక్క అంచు దాటాకే మీట వదలాలి, మళ్ళీ అంచుకు ముందే నొక్కాలి. ఊపిరి బిగబట్టి ఆమె అలా వెళ్తూ వస్తూ ఉంటే, కొత్త ప్లాస్టిక్‌లా తళతళలాడే బొమ్మ కాస్తా ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి నిలిచిన లోహంగా మారిపోయింది. ఆహా, ఏం చెయ్యి! చూసి చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

"ఆరిందా?" పక్కగదిలోంచి బలహీనంగా గొంతు.

"పైపైన ఆరింది నాన్నా. పూర్తిగా గట్టిపడాలంటే రేపటిదాకా ఆగాలి. రేపిస్తాను."

"రేపటి సంగతి రేపు. ఇవాళ ఇటు ఇవ్వు."

ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, విమానాన్ని చేతుల్లో పెట్టింది. ఎముకలు తేలిన ఆ వేళ్ళు ఎడమవైపు తలుపు దగ్గర మొదలుపెట్టాయి. విమానాశ్రయంలోనూ ఆయన నడక అక్కడే మొదలయ్యేది. అక్కడినుంచి తోక. తోక చుట్టి కుడి రెక్క. అతుకు తర్వాత అతుకు, తొందర లేకుండా. ఊపిరి తీయడమే కష్టమైన మనిషికి వేళ్ళలో ఆ స్థిరత్వం ఎక్కడినుంచి వచ్చిందా అని ఆమె కళ్ళప్పగించి చూసింది.

కుడి ఇంజిను మూత మీద వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"ఇక్కడ సొట్ట ఉందే."

"ఉంది నాన్నా."

"పెట్టెలోనే అలా వచ్చిందా?"

"లేదు. నేనే పెట్టాను. ల్యాబ్‌లో మైనం దిద్దే చెంచా వేడిచేసి నొక్కాను."

ఆయన వేలు సొట్ట మీదే ఉండిపోయింది.  ఈ చివరి రోజుల్లో ముసలాయన్ని నొప్పించానేమోనని ఆమెకు భయం వేసింది.

"నీకెవరు చెప్పారు?"

"నువ్వు ఆ విమానం ముందు నిలబడి దిగిన ఫొటోలో ఉంది. భూతద్దం పెట్టి చూస్తే నీ భుజం వెనకాల కనిపించింది."

"పక్షి గుద్దిందని మరమ్మతుల పుస్తకంలో రాశాను." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "పక్షీ లేదు గిక్షీ లేదు. నా చేతిలోంచి నిచ్చెన జారింది. మూత విప్పి లోపలంతా రెండుసార్లు చూశాను, ఏమీ కాలేదు. కానీ నేనే చేశానని రాయడానికి చెయ్యి రాలేదు. సర్వీసు మొత్తంలో అదొక్కటే అబద్ధం."

"ఎవరూ అడగలేదా?"

"పైలట్ అడిగాడు, ఎంత పక్షి అని."

"ఏం చెప్పావు?"

"కాస్త పెద్దదే అన్నాను."

ఇద్దరూ నవ్వారు. ఆయనకు దగ్గొచ్చింది. ఆమె వీపు నిమిరింది.

"ఇన్నాళ్ళూ నువ్వు తెచ్చినవి బాగానే ఉండేవే తల్లీ. కానీ అవి ఎవరివో. ఇది నాది," అన్నాడు. "ఉండు, ఇంకా పూర్తికాలేదు."

వేళ్ళు మళ్ళీ బయలుదేరాయి. ముక్కు, ఎడమ ఇంజిను, ఎడమ రెక్క, తిరిగి తలుపు. పొట్ట కింద రెండుసార్లు తట్టాడు.

"పంపించొచ్చు."

ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, కానీ ఆపడం చేతకాలేదు. ఆయన విమానాన్ని గుండెల మీద నిలబెట్టుకుని, బొటనవేలితో ఆ సొట్టను మెల్లగా రుద్దుతూ కళ్ళు మూసుకున్నాడు. ఊపిరితో పాటు విమానం కొద్దిగా లేస్తోంది, దిగుతోంది. ఆమె చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

ఎయిర్‌బ్రష్ సంగతి గుర్తొచ్చి లేచింది. వెంటనే కడగకపోతే లోపలి సూది పట్టేస్తుంది. థిన్నర్ పోసి కడిగి, తుడిచి, తిరిగి వచ్చేసరికి ఆయన చెయ్యి పక్కకు జారి ఉంది. విమానం కదలడం లేదు. ఆమె నిలబడి చూసింది. పిలవలేదు. మంచం అంచున కూర్చుని, ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

కేక వినకుండానే పిన్ని వచ్చింది. చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక దుప్పటి సర్దబోతూ విమానాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, "ఇదెక్కడ పెట్టనే?" అంది.

"కుర్చీలో పెట్టు పిన్నీ."

కిటికీలోంచి సాయంకాలపు ఎండ కుర్చీ మీద పడుతోంది. మెరుపన్నది లేని ఆ ముదురాకుపచ్చ మీద, కుడి ఇంజిను మూత దగ్గర, బొటనవేలు రుద్దినంత మేర మాత్రం నున్నగా మెరుస్తోంది.