క్లిప్పులు వేసే ముందు అడగని మాట

పళ్లకు క్లిప్పులు వేసే ముందు ఎక్స్‌రే తీయాలి. చిగుళ్లు చూడాలి. దవడల అచ్చు తీసుకోవాలి. నోటితో ఏమేం పనులు చేస్తారో అడిగి రాసుకోవాలి. మన చేత కాదనిపిస్తే రాజధాని బిష్కెక్‌లో నిపుణుడి దగ్గరికి పంపాలి.

మా కొండ ఊరు నారిన్‌లో కుబానిచ్ డాక్టరుగారు వీటన్నిటినీ ఒక్క పనికి కుదించారు: నోరు తెరవమనడం. ఆయన ఇరవై ఏళ్లుగా పళ్లు పీకుతున్నారు, చక్కగా పీకుతారు. పోయినేడు అల్మాతీలో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి విందేనట. అంటే పళ్లు వరసలో పెట్టే విద్య ఆయనకు ఒకటిన్నర రోజుల్లో పట్టుబడింది. నిపుణులు పాపం మందబుద్ధులు, ఏళ్ల తరబడి చదువుతారు.

"మరి ఎక్స్‌రే, డాక్టరుగారూ?" అన్నాను. ఆయన దగ్గర జూనియర్ డాక్టర్ని నేను; మా గొర్రెల కాపరుల ఇంట్లో మొదటి డిగ్రీ నాది. పుస్తకంలో ఉన్నదంతా చేయాలనుకునే జబ్బు ఉంది నాకు.

"పళ్లు బయటికే కనిపిస్తున్నాయిగా అమ్మాయ్. లోపలికి తొంగి చూడ్డమెందుకు?"

సిర్గా అనే పదహారేళ్ల అమ్మాయికి అలాగే వేశారు. నెలకు రెండుసార్లు ముందు పళ్ల మీది క్లిప్పు ఊడొచ్చేది.

"మళ్లీ కురుత్ కొరికావు కదూ? రాళ్లలాంటి ఆ ఎండు పెరుగు ఉండలు వద్దన్నానా?" అన్నారు డాక్టరుగారు.

"కురుత్ ముట్టుకుని ఆరు నెలలైందండీ."

"అయితే గోడ కొరికావా?"

వాళ్లమ్మ కూడా నవ్వింది. నేను మారు మాట్లాడకుండా క్లిప్పు అతికించాను. తప్పులో నా వంతు అది.

ఏడో నెలలో ముందరి పై పళ్లు రెండూ ఊగుతున్నాయంటూ సిర్గా వచ్చింది. ఆ రోజు డాక్టరుగారు ఊళ్లో లేరు. నేనే ఎక్స్‌రే తీశాను. ఆ పళ్ల వేర్లు సగానికి సగం కరిగిపోయాయి.

"ఈ పళ్లతో ఏం చేస్తుంటావు తల్లీ?" అని అప్పుడడిగాను.

"తెమిర్ కొముజ్ వాయిస్తాను అక్కా, రోజూ మూడు గంటలు. వేసవిలో సంగీత కళాశాల పరీక్ష ఉంది." పళ్లకు ఆనించి మీటే ఇనుప మోర్సింగ్ అది; క్లిప్పుల లాగుడుకు తోడు రోజూ దాని అదురు. "ఎవరూ అడగలేదు. చెబితే మానేయమంటారేమోనని నేనూ చెప్పలేదు."

తీగ విప్పేశాను. జరిగింది జరిగినట్టు రాసి, ఎక్స్‌రే జతచేసి సిర్గాను బిష్కెక్ పంపాను.

కుబానిచ్‌గారు తిరిగొచ్చి మండిపడ్డారు. "నేను మామూలు పళ్ల డాక్టర్ని. నా పనిని నిపుణుడి పనితో సమానంగా చూస్తే ఎలా?"

"ఆ సంగతి పళ్లకు తెలియలేదండీ," అన్నాను.

బిష్కెక్‌లో ఆ రెండు పళ్లనూ వెనకనుంచి సన్నటి తీగతో కట్టి నిలబెట్టారు. ఆ ఇనుప మోర్సింగ్ మాత్రం ఇక వాటికి తగలకూడదన్నారు. సిర్గా పరీక్షకు వెళ్లలేదు. పళ్లకేం, ముచ్చటగా వరసలోనే ఉన్నాయి.

మీ పిల్లల పళ్లు సరిచేస్తామని ఎవరైనా అంటే, సరేననే ముందు మా సిర్గాను ఒక్కసారి తలుచుకోండి.