సైరన్ కూసినప్పుడల్లా

రేపు పొద్దున పదింటికల్లా నేను హైదరాబాదులో ఉండాలి. లేకపోతే పిల్లల వైద్యంలో నాకొచ్చిన సీటు ఇంకొకరికి పోతుంది. ఉత్తరంలో ఆ ముక్క కింద ఎర్రగీత కొట్టి మరీ పంపారు. మంథనిలో మా నాన్న "ఆడపిల్లకు ఇంకెంత చదువే అహల్యా" అని గొణుగుతూనే ట్రంకుపెట్టె కొనిచ్చాడు. రామగుండంలో రైలు నాలుగింటికి. పన్నెండు దాటినప్పటి నుంచే నాకు కాలు నిలవడం లేదు.

గోదావరిఖనిలో నేను పనిచేసే చిన్న దవాఖానలో పిల్లల డాక్టరు లేడు. ఎంబీబీఎస్‌తో ఆగిన నేనే దిక్కు. నెలలు నిండని బిడ్డ పుడితే దూది చుట్టి, వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టి, దేవుడి మీద భారం వేసేదాన్ని. రెండేళ్లలో అట్లా తొమ్మిది మంది పోయారు. మరిచిపోదామన్నా మరుపు రాదు. అందుకే ఆ సీటు మీద అంత పట్టు.

మొన్న బొగ్గుబాయి కార్మికుడు మొగిలికి బిడ్డ పుట్టింది. మూడు పౌన్లు కూడా లేదు, చీకే బలం లేదు. తల్లి పాలు పిండి, ఉగ్గుగిన్నెతో రెండు గంటలకోసారి చుక్కచుక్కగా పట్టాలి. బాలింత ఇంకా మంచం మీంచి లేవలేకపోతోంది. నిన్న సాయంత్రం మొగిలి తల్లి పోశవ్వకు పట్టే తీరు చూపించి, సామాను సర్దుకోవడానికి ఇంటికి పోయాను.

ఇవాళ రెండు దాటాక రిక్షాలో బస్టాండుకు పోతూ, మనసాగక దవాఖాన ముందు ఆపించాను. పిల్ల పెదవులు ఎండిపోయాయి. ఒళ్లు చల్లగా ఉంది.

"ఎన్నిసార్లు పట్టినవ్ అవ్వా?"

"తప్పకుంట పట్టిన బిడ్డా. బాయి సైరన్ కూసినప్పుడల్లా పట్టిన. రాత్రి షిఫ్టుకు ఓపాలి, పొద్దుగాల షిఫ్టుకు ఓపాలి."

"రెండు గంటలకోసారని చెప్పిన గదా!" వార్డంతా వినబడేలా అరిచాను.

ముసలామె బిత్తరపోయింది. "మా ఇంట్ల గడియారం ఏడిది బిడ్డా? వంటైనా, డ్యూటీ అయినా మాకు సైరనే. రెండు గంటలంటే ఎంతసేపో నాకేమెరుక?"

వార్డు గోడకూ గడియారం లేదు. రెండేళ్లుగా అక్కడే తిరిగే నాకు ఆ సంగతి తట్టలేదు, చేతికి వాచీ ఉంది కదా! తప్పు నాది, తిట్లు ఆమెకు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పిల్లకు పాలు పట్టి, వాచీ విప్పి పోశవ్వ చేతిలో పెట్టాను. పెద్దముల్లు రెండు చుట్లు తిరగ్గానే పట్టమని చెప్పాను. ఆమె తలూపింది. నేను గడప దాటబోతుంటే వెనక నుంచి పోశవ్వ కేక.

"డాక్టరమ్మా, పిల్ల ఊపిరి తీస్తలేదు!"

పరుగెత్తాను. పిల్ల నీలంగా మారుతోంది. అరికాలు మీద వేలితో కొట్టాను, మళ్లీ కొట్టాను. ఊపిరి అందుకుంది. కాసేపటికి మళ్లీ ఆగింది, మళ్లీ కొట్టాను. ఈ పని వాచీ చూసి చేసేది కాదు. ఎవరో ఒకరు కన్నార్పకుండా కూర్చోవాలి, అక్కడ నేను తప్ప ఆ పని తెలిసినవాళ్లు లేరు. రిక్షావాడు రెండుసార్లు లోపలికి తొంగిచూసి, పెట్టె వరండాలో దించి వెళ్లిపోయాడు.

పెద్దముల్లు రెండు చుట్లు తిరిగాక మళ్లీ పట్టాం. అప్పుడు పిల్ల సన్నగా ఏడ్చింది.

"నీ బండి పోయిందా బిడ్డా?" అంది పోశవ్వ.

"పోయింది."

"ఫికర్ జెయ్యకు. రేపు మల్ల ఉంటది గదా."

"ఉంటదవ్వా" అన్నాను. రైలు రోజూ ఉంటుంది. సీటు సంగతి ఆమెకు చెప్పలేదు. పిల్ల కాలు వదలకుండానే వెక్కివెక్కి ఏడ్చాను.