బొట్టు పెట్టి పిలిచిన సభ

కూకట్‌పల్లిలోని ఆ కాలనీ సంఘానికి ఎన్నడూ ఎన్నిక జరగలేదు. జరగలేదని బాధపడినవాళ్లూ లేరు. ఏటా పంద్రాగస్టు నాడు జెండా ఎగరేసి మిఠాయి పంచాక ఎవరో ఒకరు లేచి, ఈ ఏడు కూడా మన సోమేశ్వరరావు గారే అధ్యక్షులు అనేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. దానికి ఏకగ్రీవం అని గొప్ప పేరు. పోటీ అంటే గొడవ, గొడవ అంటే పరువు తక్కువ. మాదాపూర్ గుట్టలు పగలగొట్టి హైటెక్ సిటీ కడుతున్నారు, రేపో మాపో కంపెనీల వాళ్లు ఇళ్లు వెతుక్కుంటూ వస్తారు, తగవులున్న కాలనీలో ఎవరు కొంటారని సోమేశ్వరరావు అడిగేవాడు. ఆయన సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఆయనకు ఎదురు ప్రశ్న వేసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

ఆ ఏడు స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు. పందిరి పెద్దదే వేయించారు. ఆ సభలోనే కాలనీ వెనక గేటు మూసెయ్యాలని తీర్మానం కూడా చేద్దామనుకున్నారు. పనికి పోయే కూలీలు ఆ గేటులోంచి వచ్చి తమ ఇళ్ల ముందు నుంచి నడుస్తున్నారని ముందు వరస వాళ్ల ఫిర్యాదు. కానీ సర్కారు బడి ఉన్నది ఆ గేటు అవతలే. అది మూస్తే వెనక వరస చిన్న ఇళ్ల పిల్లలు చుట్టూ తిరిగి, లారీలు పోయే బొంబాయి రోడ్డు దాటి బడికి వెళ్లాలి. మొన్నామధ్య గేటు మరమ్మతని మూసిన రోజే భూలక్ష్మి కూతురిని ఒక లారీ రాసుకుపోయింది. మోచెయ్యి చెక్కుకుపోవడంతో సరిపోయింది, అదృష్టం.

భూలక్ష్మి మొగుడు మొగిలి హైటెక్ సిటీ కట్టడాల దగ్గర వాచ్‌మన్. ఈసారి అధ్యక్ష పదవికి తాను నిలబడతానని ఆమె కిరాణా కొట్టు దగ్గర అనేసింది. సొంత ఇల్లుంది, సభ్యత్వముంది, కాదనడానికి వీల్లేదు. వీల్లేని చోట మన పెద్దమనుషులకు ఒక మర్యాద ఉంది. ఆడవాళ్లని పంపి, బొట్టు పెట్టించి, రవికల గుడ్డ చేతిలో పెట్టించి, మెత్తగా మాన్పిస్తారు. సోమేశ్వరరావు తన భార్య బాలాత్రిపురసుందరిని పంపాడు.

సుందరికి ఎవరినీ నొప్పించదని మంచి పేరు. అదే ఆమె కొంప ముంచింది. ఆమెను గుమ్మంలో చూడగానే భూలక్ష్మి చాప పరిచి, పక్కింటి ఆడవాళ్లను కూడా కేకేసి చూపించుకుంది.

"ఇన్నేండ్లల్ల ముందు లైనోళ్లు నా గడప తొక్కలే అక్కా. నువ్వొచ్చినవ్, ఇగ నాకేం ఫికర్ లేదు."

మోచేతికి గుడ్డ కట్టుకున్న పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు తాగాక సుందరికి చెప్పాల్సిన మాట నోట్లోంచి రాలేదు. బొట్టు పెట్టి, గుడ్డ ఇచ్చి, సభకు తప్పకుండా రమ్మని చెప్పి వచ్చేసింది. పోటీ మానెయ్యమని చెప్పావా అని ఇంటి దగ్గర భర్త అడిగితే, చెప్పానండీ అంది. ఇద్దరికీ మంచిదై ఊరుకుంది.

పంద్రాగస్టు నాడు సోమేశ్వరరావు స్వేచ్ఛ గురించి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడే హక్కు లేని దేశాలు బాగుపడవన్నాడు. తరువాత ముందు వరస సుబ్రహ్మణ్యం గారు లేచి ఎప్పటిలాగే ఆయన పేరు చెప్పారు. జనం చేతులు చప్పట్లకు సిద్ధమవుతుండగా భూలక్ష్మి నిలబడింది.

"నేను సుత నిలబడుత సారూ. నాకెవరున్నరో చేతులెత్తమనుండ్రి."

జెండా కింద నిలబడి వద్దనలేక, సోమేశ్వరరావు చేతులెత్తమన్నాడు. వెనక వరస ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. వాళ్ల మగవాళ్లలో సగం మంది ముందు వరస ఇళ్లలో డ్రైవర్లు. భూలక్ష్మి వాళ్లను పట్టించుకోలేదు. నవ్వుతూ సుందరి వైపు తిరిగింది. వేదిక మీంచి సోమేశ్వరరావు కూడా భార్య వైపే చూస్తున్నాడు. సుందరి సరిగ్గానే ఉన్న పైటను మళ్లీ సర్దుకుంది. చెయ్యి అంతవరకే లేచింది.

మొగుడు ఎదురుగా ఉండగా ఏ ఆడది చెయ్యెత్తుతుందని భూలక్ష్మికి తోచినట్టుంది. ముఖం మెత్తబడింది.

"పోనీయుండ్రి సారూ, నేను తప్పుకుంటున్న. అక్కను ఇంట్ల పరేషాన్ చెయ్యకుండ్రి. ఆమె తప్పేం లేదు."

చప్పట్లు మోగాయి. సుందరి కూడా కొట్టింది. చప్పట్లకైతే చేతులు ఎంత తేలిగ్గా వచ్చాయో చూసుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

గండం గడిచిన సంతోషంలో సోమేశ్వరరావు మైకు అందుకున్నాడు. ఈ ఏకగ్రీవం ఘనత తనది కాదన్నాడు. పోటీ మాన్పించడానికి తన శ్రీమతి స్వయంగా భూలక్ష్మి ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి వచ్చిందని, సామరస్యమంటే ఇదేనని, మన సంస్కృతి గొప్పతనం ఇక్కడే ఉందని అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఆ ఊపులోనే గేటు తీర్మానం కూడా అయిపోయింది.

జనం మిఠాయి కోసం లేచారు. సుందరి వాళ్లను తప్పించుకుంటూ భూలక్ష్మి దగ్గరికి వెళ్లింది. ఏం చెప్పాలో అనుకోలేదు. భూలక్ష్మే అడిగింది.

"గందుకే వచ్చిండ్రా అమ్మా?"

అక్కా అనలేదు. చెప్పడానికే వచ్చాను గానీ చెప్పలేకపోయానమ్మా అందామనుకుంది సుందరి. అది నిజమే. కానీ ఆ నిజం ఇప్పుడు ఎవరి కోసం?

"అవునమ్మా," అంది.

భూలక్ష్మి తలూపింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని సుందరి నిలబడిపోయింది. భూలక్ష్మి ఇంటి వైపు కాకుండా ముందు గేటు వైపు తిరిగి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"దా బిడ్డా, బొంబాయి రోడ్డు ఎట్ల దాటాల్నో సూపిస్త."