జేబులో బిరడా

బట్టలు మెషీన్లో వేసే ముందు భర్త జేబులు వెతకడం ఆమెకు పెళ్లైన రెండో వారానికే అలవాటైపోయింది. అదీ సరదాగానే ఉండేది. స్క్రూలు, వైరు ముక్కలు, ఒకసారి ఆమె తలపిన్ను. పిన్ను దొరికిన రోజంతా ఊరికే నవ్వుకుంటూ తిరిగింది. ఇవాళ బొటనవేలంత నల్లటి బిరడా దొరికింది. బట్టలు అక్కడే వదిలేసి భర్త దగ్గరికి నడిచింది.

మూడు రోజుల క్రితం పడవలో తను బిగించిన బిరడా అది. లోతు కొలిచేది, గాలివాలు చెప్పేది, ఇంజను, అంకెలు చూపే తెర, అన్నీ ఒకే పొడవాటి కేబుల్ మీద మాట్లాడుకుంటాయి. దానికి మధ్యలో ఒక్కచోటే కరెంటు ఇవ్వాలి, రెండు కొసలకీ రెండు బిరడాలుండాలి. ఒకటి లేకపోయినా మాటలు కొసదాకా వెళ్లి వెనక్కి తన్నుకొచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి.

పడవలకు ఇవి బిగించడం భర్తా మామగారూ చేసే పని. ఎలక్ట్రానిక్స్ చదివింది మాత్రం ఆమె. "నీ చేతులు సన్నం, దూరతాయి" అని పడవలో బల్ల కిందికి పంపారు. మూడు గంటలు వెల్లకిలా పడుకుని బిగించింది. తెర మీద అంకెలు వెలిగినప్పుడు భర్త "ఇంజనీరుగారూ" అంటూ ఆమె చెంప మీది గ్రీజు తుడిచాడు. ఆ మాటకి ఒళ్లంతా తేలిపోయింది. అంతలో మామగారు, "పడవ యజమాని వచ్చే వేళైంది. కోడల్ని ఇంటికి పంపెయ్‌రా. ఆడపిల్ల చేసిందంటే సముద్రంలోకి పోయేవాడికి నమ్మకముంటుందా" అన్నారు. భర్త గేటుదాకా వచ్చి చెవిలో చెప్పాడు: "పడవ ఒకసారి వెళ్లొచ్చాక నేనే చెప్తా, ఇదంతా మా ఆవిడ పనని. ఒట్టు."

మూడు రోజులుగా ఆమె ఆ ఒట్టు మీదే బతుకుతోంది. యజమాని పలకరిస్తే ఏమనాలో అద్దం ముందు రెండుసార్లు అని చూసుకుంది కూడా.

"ఇదెందుకు తీశారండీ?" బిరడా చూపించి అడిగింది.

"దానికి ఏ వైరూ లేదుగా. ఊరికే కూర్చుంది. ఇంకో పడవకి పనికొస్తుందని నిన్న తెచ్చా."

ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. పడవ యజమాని, సముద్రం మీంచి. పొగమంచు కమ్మేసిందట, రేవు ముందు రాళ్లున్నాయట, లోతు అంకె ఒకసారి వస్తే రెండుసార్లు మాయమవుతోందట. భర్త స్పీకరు నొక్కి ఆమె వైపు చూశాడు.

"గాలిదీ ఇంజనుదీ కనెక్షన్లు పీకేయమనండి," ఆమె గుసగుసలాడింది. "తెర దాటాక ఉన్న కేబుల్ కూడా. తెరా, లోతుదీ ఉంటే చాలు. కేబుల్ పొట్టిదైతే ఒక్క బిరడాతో నెట్టుకొస్తుంది."

ఆమె అన్నదాన్ని భర్త గొంతు పెంచి అప్పజెప్పాడు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు, "మగాళ్లు పని మాట్లాడుకుంటుంటే నీకెందుకమ్మాయ్ అక్కడ, బట్టలు చూడు" అన్నారు.

అవతల ఏవో లాగుతున్న చప్పుడు. ఆమె బిరడాని అరచేతిలో అచ్చు పడేంతగా బిగించి పట్టుకుంది.

"వచ్చిందయ్యా, నిలబడింది! నీ చేతిలో ఏదో ఉంది," అన్నాడు యజమాని. ఆగి అడిగాడు, "అవునూ, ఇందాకట్నుంచి నీ పక్కన ఎవరో చెప్తున్నట్టుందే?"

భర్త ఆమెని చూశాడు. అద్దం ముందు అనుకున్న మాటలు నాలుక చివరకొచ్చాయి.

"రేడియో అండీ," అన్నాడు.

"మంచి రేడియోనే. ఆపకు." యజమాని నవ్వాడు. భర్తా నవ్వి, ఆమెకి కన్నుగీటి, కనుబొమలెగరేశాడు. యజమానికి ఇంకేం చెప్పాలని అడుగుతున్నాడు.

పొగమంచులో మనిషి ఉన్నాడు. "ఒడ్డు చేరేదాకా పీకినవేవీ మళ్లీ పెట్టొద్దనండి," అంది.

కన్నుగీటగానే అలవాటుగా వచ్చిన నవ్వు ఆమె మొహాన అలాగే ఉంది. దాన్నెలా తియ్యాలో తెలియలేదు.