మొలవని గింజల లెక్క

ఆ ఉదయం ఆకాశం మడ్డిగా ఉంది. కురవదు, విచ్చుకోదు. గింజలు ఆరబెట్టడానికి మనసొప్పక, వసారాలో మొలకలు లెక్కపెడుతూ కూర్చున్నాను. విత్తనాల కొట్టుకు సంచి పంపేముందు నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి చూస్తాను. మొలిచినవెన్నో మొలవనివెన్నో సంచి మీద రాస్తాను. నలభై ఏళ్ళలో ఒక్క గింజ తప్పు రాయలేదు.

అప్పుడొచ్చింది ఫైలు పట్టుకుని ఒకావిడ. చెప్పులు జతగా, వేలెడు ఎడం లేకుండా విప్పింది. అంత జాగ్రత్త మనిషిని చూస్తే నాకు గుబులు.

"పెద్దాయనా, సంతానం కోసం చికిత్స చేయించుకుని పిల్లల్ని కన్నవాళ్ళ ఇళ్ళకు తిరుగుతున్నాం. బిడ్డకు పుట్టుకతో లోపముంటే రాసుకుంటాం. పరిశోధన కోసం."

"చికిత్స చేసిన ఆసుపత్రివాళ్ళు పంపారా?"

"లేదండీ. మాకూ వాళ్ళకూ సంబంధం లేదు."

"పంపినా అదే చెప్పమంటారుగా."

లోపలినుంచి మా ఆవిడ, "ఆయనకు తన నీడ మీదా అనుమానమే. కూర్చో తల్లీ," అంది.

కోడలు మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. చికిత్స పట్నంలో అయినా కాన్పు ఇక్కడే అయింది. వాడికి గుండెలో చిల్లు. పాలు తాగినా ఆయాసపడతాడు. వచ్చే నెల ఆపరేషన్. పట్నం ఆసుపత్రిలో కోడలిది ఇంకో పిండం దాచి ఉంది. కానీ వాళ్ళు పంచిన పుస్తకంలో, తమ చికిత్సతో పుట్టినవాళ్ళలో గుండె జబ్బు ఒక్కరికీ లేదని వేశారు. అది చదివిన రోజునుంచి కోడలిది ఒకటే మాట: "లోపం నా ఒంట్లోదే మామయ్యా. ఇంకో బిడ్డ వద్దు. ఆ పిండాన్ని తీసెయ్యమంటాను."

వాళ్ళు దాచారని నేను అంటూనే ఉన్నాను.

"మా వాడి గురించి వాళ్ళేం రాశారో చూపించు," అన్నాను.

ఆసుపత్రి ప్రభుత్వానికి పంపిన లెక్కల నకలు ఆవిడ తీసింది. మగబిడ్డ. లోపం లేదు.

"చూశావా అమ్మాయ్? కళ్ళల్లో కారం కొట్టారు."

ఆవిడ కింది వరస మీద వేలు పెట్టింది. "ఇది వాళ్ళు కల్పించింది కాదండీ. బిడ్డ పుట్టిన ఇరవయ్యో రోజున ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి అడిగారు. చెప్పినవారు, బిడ్డ తాతగారు."

గుర్తొచ్చింది. విత్తనాల కొట్లో కాటా పక్కన నిలబడి ఉన్నాను. చుట్టూ తెలిసినవాళ్ళు. వాడి గుండెలో చిల్లుందని అప్పటికే డాక్టరు చెప్పాడు. ఫోన్లో ఎవరో, బిడ్డకు లోపమేమైనా ఉందా అన్నారు. "ఏ లోపమూ లేదు, బంగారంలా ఉన్నాడు," అని ఫోను జేబులో పెట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మామయ్యా, ఫోనొచ్చిందా?"

"వచ్చింది. చుట్టూ జనం ఉన్నారు."

కోడలు నా చేతిలో గుడ్డకేసి చూసింది. "గింజల సంచి మీదైతే రాసేవారు."

నేను గుడ్డ మడిచి పక్కన పెట్టాను.

"దిద్దమ్మా," అన్నాను ఆవిడతో. "గుండెలో చిల్లు. అబద్ధం చెప్పింది తాతేనని కూడా రాయి."

"రాస్తాను. చికిత్స వల్లనా, మరోటా అనేది ఒక్క బిడ్డను చూసి చెప్పలేం. ఒక్కరికీ లేదన్న మాట మాత్రం తప్పు."

"మామయ్యలా చెప్పినవాళ్ళు ఇంకెందరుంటారు?" అడిగింది కోడలు.

"అందుకే ఇల్లిల్లూ తిరుగుతున్నానమ్మా."

"ఆ పిండాన్ని అలాగే ఉంచమని ఆసుపత్రికి చెప్తాను," అంది కోడలు, నాతో కాదు.

మధ్యాహ్నమైంది. ఆవిణ్ణి మా ఆవిడ తినకుండా వెళ్ళనివ్వలేదు. నలుగురం కూర్చున్నాం. కోడలు నాకూ వడ్డించింది. ఎప్పటిలా ఇంకాస్త వెయ్యనా అని అడగలేదు. బిడ్డ ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ తిన్నాం.