గొంతు మీద చెయ్యి

చంద్రపూర్‌లో ఆ చెవిటి పిల్లల బడిలో చేతులతో సైగ చేయడం తప్పు. సైగలు అలవాటైతే మాట రాదని గోడ మీద మరాఠీలో పెద్దగా రాయించారు. పాఠం జరిగినంతసేపూ పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని టీచర్ పెదాలనే చూడాలి. అప్పటికీ అర్థం కాకపోతే మాత్రం లేచి వచ్చి, టీచర్ గొంతు మీద చెయ్యి పెట్టి, ఆ అదురును బట్టి మాట పోల్చుకోవచ్చు.

నా భార్య అనసూయ అక్కడ టీచరు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె మెడ మీద సుద్దపొడి, చిన్న చిన్న వేళ్ల గుర్తులు ఉండేవి.

"హెడ్‌మిస్ట్రెస్‌నయితే ముందు ఆ గోడ మీది రాత తుడిపిస్త," అనేది. "ఇంటర్వెల్ బెల్లుకు పోరగాండ్లు చేతులిప్పి మాట్లాడుకునేది ఒక్కసారి చూడుండ్రి. పిట్టల గుంపు లేసినట్లుంటది."

"కుర్చీ మీద మోజని చెప్పరాదే?"

"ఆఁ, మోజే! మీకు దుకాణంల గద్దె లేదా ఏంది?"

తొంభై నాలుగులో ఆ కుర్చీ ఖాళీ అయింది. పోటీలో ఉన్న టీచర్లు ఒక్కో పిల్లను తీసుకువచ్చి కమిటీ ముందు మాట్లాడించాలన్నారు. అనసూయ వైశాలిని ఎంచుకుంది. రాజురా దగ్గరి తెలుగు రైతుల పిల్ల, తొమ్మిదేళ్లది. ఇద్దరినీ స్కూటర్ మీద దించి నేను వరండాలో కిటికీ పక్కన కూర్చున్నాను.

వైశాలి తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది. మాట మొద్దుగా ఉన్నా తెలిసింది. అప్పుడు అధ్యక్షుడు ఓంప్రకాష్ సేఠ్ ముందుకు వంగాడు. పెదాలు కప్పేసే మీసం, దవడ నిండా పొగాకూ వక్కా కలిపిన ఖర్రా.

"సకాళీ కాయ్ ఖాల్లస్?" పొద్దున ఏం తిన్నావని.

ఉమ్మి జారకుండా పెదాలు బిగించి అడిగాడు. ఆ పిల్లకు ఏం కనబడుతుంది? మళ్లీ అడిగాడు. వైశాలి అనసూయ వైపు చూసింది. తర్వాత తనకు నేర్పిన పనే చేసింది. లేచి వెళ్లి సేఠ్ గొంతు మీద అరచెయ్యి ఆనించింది.

సేఠ్ ఉలిక్కిపడ్డాడు. ఖర్రా అంతా తెల్ల చొక్కా మీద పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. అందుకే ఆయనకు మరింత మండింది.

కమిటీ సెక్రటరీ రామకిషన్ మావాడే. తెలుగులో గొంతు తగ్గించి అన్నాడు: "అనసూయమ్మా, పోరికి ఒక్కటెయ్యి. సేఠ్‌కు మాఫీ అడిగిపియ్యి. మిగిలింది నేను జూసుకుంట."

వైశాలి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దించాలో వద్దో తెలియడం లేదు. అనసూయ ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, కమిటీ అంతా చూస్తుండగా రెండు చేతులతోనూ చెప్పింది: నువ్వు చేసింది సరైనదే.

ఇంటికి వచ్చేటప్పుడు స్కూటర్ మీద వెనక నుంచి, "కొట్టాల్సి ఉండెనా?" అంది.

"నీకు చేతనైతదా?"

నా వీపుకు తల ఆనించింది. చొక్కా తడిసింది. ఆ రోజు మా ఇల్లున్న తుకుం దాకా రోడ్డు ఖాళీగా ఉండడం ఒక దయే.

కుర్చీ వేరే ఆమెకు వెళ్లింది. గోడ మీది రాతకు కొత్త రంగు వేశారు. అనసూయ రోజూ దాని కిందుగానే క్లాసుకు వెళ్లేది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఐదేళ్ల తర్వాత జబ్బు చేసింది. చివరికి గొంతు పూర్తిగా పోయింది. పెదాలు కదిలేవి, నాకేమో తెలిసేది కాదు. నీళ్లా అంటే కాదు, దిండా అంటే కాదు. కళ్లు మూసుకునేది.

ఒక మధ్యాహ్నం వైశాలి తల్లితో వచ్చింది. ఎదిగిన పిల్ల, జడలో కనకాంబరాలు. మంచం పక్కన కూర్చుని అనసూయ గొంతు మీద చెయ్యి ఆనించి, పెదాలనే చూస్తూ చాలాసేపు ఉంది. నేను పొద్దుటి నుంచి అడుగుతున్నదానికి జవాబు దొరికినట్లుంది, నా వైపు తిరిగింది.

వేళ్లు దగ్గరగా చేర్చి నోటి దగ్గర పెట్టుకుంది. అనసూయను చూపి, నన్ను చూపి, కనుబొమలెత్తింది.

తిన్నారా అని అడుగుతోంది మా టీచరు, అని.

నేను తల అడ్డంగా ఊపాను. వైశాలి లేచి వంటింట్లోకి వెళ్లింది.